పేగుపూత వ్యాధి – దాచుకోవద్దు, మందు మానవద్దు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి సంవత్సరం ఈ సభలో మాచేత పిల్లల చదువు గురించి మాట్లాడించడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారిని బతిమాలి ఆ విషయం పక్కన పెట్టించుకున్నాము. కడుపులో జబ్బు గురించి మాట్లాడతామంటే ఆయన మొదట నవ్వారు. తరువాత విషయం విని, "మాస్టర్ సాబ్, తప్పకుండా చెప్పండి, కాని తెలుగులో చెప్పండి, సావనీరులో వేద్దాం" అన్నారు. మేము చదువుకున్నదీ, చదువు చెప్పేదీ ఉర్దూలోనే. కనుక భాషలో తప్పులుంటే మన్నించాలి. మాటిమాటికీ "మేము" అంటుంటే ఎంతమంది అనుకునేరు, అది ఉర్దూవాళ్ల "హమ్" అలవాటు. జబ్బు వచ్చింది మా ఒక్కరికే.

మేము వైద్యులం కాము. తొమ్మిదేళ్లుగా ఈ జబ్బుతో కాపురం చేస్తున్న రోగులం. వైద్యులు మాకు చెప్పినది, మేము చదివి తెలుసుకున్నది, చేసిన పొరపాట్లు మీ ముందు పెడతాము. ఇది విని ఎవరూ తమంతట తాము మందు వేసుకోవద్దు, ఉన్న మందు మానవద్దు.

సిగ్గుతో పోయిన ఎనిమిది నెలలు

మొదట మాకు విరేచనంలో రక్తం కనబడింది. మన ఇళ్లలో దీనికి రెండే పేర్లు: జిగటగా ఉంటే పేచిష్, రక్తం పడితే బవాసీర్, అంటే మొలలు. మేము బవాసీర్ అనుకున్నాము. రోజుకు రెండుసార్లు వెళ్లేది నాలుగయింది, నాలుగు ఆరయింది. ఎవరితో చెప్పడం? ఇంట్లో తల్లికి చెప్పలేము, భార్యకు చెప్పలేము, స్టాఫ్ రూములో చెబితే నవ్వుతారు. మొలలకు గ్యారంటీ చికిత్స అని గోడమీద రాసిన చోటికి వెళ్లి నాలుగు నెలలు డబ్బు పోశాము. ఒక్కసారి కూడా పరీక్ష చేయలేదు. లోపల ఏముందో చూడకుండానే గ్యారంటీ ఇచ్చేశారు.

మాకు దారి చూపింది మా బస్తీలోని ఒక ముసలి హకీంగారు. నాడి చూసి, రెండు ప్రశ్నలడిగి, "మియాఁ, ఇది మొలలు కాదు. రక్తంతో జిగట కలిసి వస్తోంది, బరువు తగ్గావు, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెడుతున్నావు. నా దగ్గర దీనికి మందు లేదు. పెద్ద ఆస్పత్రికి పోయి లోపల చూపించుకో" అన్నారు. తనకు తెలియనిది తెలియదని చెప్పిన ఆ పెద్దమనిషిని అల్లా చల్లగా చూడాలి.

అక్కడ కొలనోస్కోపీ చేశారు. సన్నటి గొట్టం చివర కెమెరా పెట్టి పెద్దపేగు లోపలంతా చూస్తారు, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మత్తు ఇస్తారు, భయపడాల్సిన పని లేదు. అసలు కష్టం ముందురోజు పేగు శుభ్రం కావడానికి మందు కలిపిన నీళ్లు తాగడమే. జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది. పెద్దపేగు లోపలి పొర ఎర్రగా వాచి, పుండ్లుపడి, రక్తం కారడం. మన తెలుగులో పేగుపూత అంటున్నారు. ఆ సిగ్గు ఖరీదు ఎనిమిది నెలలు.

ఏమిటీ జబ్బు?

దీనికి ఒక తోబుట్టువు కూడా ఉంది, పేరు క్రోన్స్. 1932లో న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రి వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ ముగ్గురూ కలిసి దాన్ని వర్ణించారు. పేరు మాత్రం మొదటాయనకే దక్కింది. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే, అందులోనూ లోపలి పొరకే పరిమితం. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతటా పాకవచ్చు, పేగు సన్నబడవచ్చు, మలద్వారం దగ్గర నాసూరు పడవచ్చు.

ఎందుకొస్తుంది? మన ఒంట్లో రోగాలతో పోరాడే ఒక ఫౌజు ఉంది. ఈ జబ్బులో ఆ ఫౌజు దారితప్పి సొంత పేగు మీదనే దాడి చేస్తుంది. కొంత పుట్టుకతో వచ్చిన గుణం, కొంత పేగులో ఉండే సూక్ష్మజీవుల తేడా, కొంత మనం బతికే తీరు, అన్నీ కలిసి ఇది మొదలవుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటే రాదు. నజర్ తగిలి వచ్చింది కాదు, ఎవరో చేతబడి చేస్తే వచ్చింది కాదు, పాపానికి శిక్ష కాదు. ఒక్క మిర్చీ సాలన్ తింటే వచ్చేదీ కాదు.

ఇది పెద్దింటి జబ్బు, పాశ్చాత్యుల జబ్బు అని ఒకప్పుడు అనేవారు. ఆ మాట ఇప్పుడు చెల్లదు. మన హైదరాబాదులోనే డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డిగారు స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు తెలంగాణ పల్లెలకు వెళ్లి పరీక్షలు చేసి, పల్లెల్లోనూ ఈ జబ్బు ఉన్నదని తేల్చారు. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ వచ్చింది.

మన దేశంలో ఇంకొక చిక్కుంది. పేగుకు క్షయ వచ్చినా చూడటానికి క్రోన్స్ లాగే ఉంటుంది. అదే జ్వరం, అదే నొప్పి, అదే బరువు తగ్గడం. క్షయ ఉన్నవారికి క్రోన్స్ అనుకొని స్టిరాయిడ్ ఇస్తే క్షయ విజృంభిస్తుంది. క్రోన్స్ ఉన్నవారికి క్షయ మందులు నెలల తరబడి ఇస్తే అసలు జబ్బు ముదురుతుంది. అందుకే వైద్యులు బయాప్సీ అనీ, స్కాన్ అనీ మళ్లీమళ్లీ తిప్పుతుంటే విసుక్కోవద్దు.

మందుల కథ

మందుల చరిత్రలో మనం గర్వించదగిన ఒక సంగతి ఉంది. స్వీడన్‌లో నన్నా స్వార్ట్జ్ అనే మహిళా వైద్యురాలు కీళ్లవాతం కోసం తయారైన సల్ఫాసలజిన్ అనే మందు పేగుపూతకు కూడా పనిచేస్తుందని 1940 ప్రాంతంలో చూపారు. ఆ బిళ్లలో రెండు పదార్థాలు జతగా ఉంటాయి. వాటిలో పనిచేసేది ఏది? ముప్పై ఏళ్లకు పైగా ఎవరూ తేల్చలేదు. ఆక్స్‌ఫర్డులో చదువుకుంటున్న బంగ్లాదేశ్ యువ వైద్యుడు ఎ.కె. ఆజాద్ ఖాన్, తన గురువు ట్రూలవ్, సహచరుడు పిరిస్‌లతో కలిసి ఆ పదార్థాలను విడదీసి ఎనీమాలుగా రోగులకిచ్చి చూశారు. ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చేవారికీ తెలియదు, పుచ్చుకునేవారికీ తెలియదు. చివరకు లెక్క తీస్తే సల్ఫా భాగం ఏమీ చేయడంలేదు, రెండో భాగమే పేగును మాన్పుతోంది. 1977లో లాన్సెట్ పత్రికలో ఇది అచ్చయింది. ఆ రెండో భాగమే ఈనాడు మనం వాడే మెసలమిన్. ఆజాద్ ఖాన్‌గారు స్వదేశం వెళ్లి బంగ్లాదేశ్ మధుమేహ సంఘాన్ని నడిపించారు. మా తరగతిలో పిల్లలకు ఈ కథ తప్పక చెబుతాము.

మెసలమిన్ బిళ్లగా ఉంటుంది, మలద్వారం నుంచి పెట్టే సపోజిటరీ, ఎనీమా రూపాల్లోనూ ఉంటుంది. పేగు చివరి భాగంలో జబ్బున్నవారికి బిళ్ల కంటే సపోజిటరీ బాగా పనిచేస్తుంది, రెండూ కలిపితే ఇంకా మేలు. మనవాళ్లు ఆ రెండోదానికి సిగ్గుపడి చీటీలో ఉన్నా కొనరు. మేమూ మొదటి మూడు నెలలు కొనలేదు. కొన్నాక పది రోజుల్లో తేడా తెలిసింది.

జబ్బు విజృంభించినప్పుడు స్టిరాయిడ్ ఇస్తారు. 1955లో ఆ ట్రూలవ్, విట్స్ అనే మరొక వైద్యుడు కలిసి కార్టిజోన్ ప్రాణాలు కాపాడుతుందని రుజువు చేశారు. మంటలు ఆర్పడానికి ఫైరింజను లాంటిది స్టిరాయిడ్. మంట ఆరాక ఫైరింజనును ఇంట్లో కట్టేసుకుని కూర్చోము గదా. నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారుతాయి, చక్కెర పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది. అట్లాగని ఒక్కసారిగా ఆపకూడదు, వైద్యులు చెప్పిన ప్రకారం వారం వారం తగ్గించుకుంటూ రావాలి. పాత చీటీ పట్టుకుపోయి మెడికల్ షాపులో మళ్లీమళ్లీ స్టిరాయిడ్ కొనడం మన బస్తీలో చాలా చూస్తున్నాము. అది ప్రమాదం.

మెసలమిన్ చాలనివారికి అజాథయోప్రిన్ ఉంది. దాన్ని వాడేవారు తెల్లకణాలు, లివరు రక్తపరీక్షలు తప్పకుండా చేయించుకోవాలి. ముఖ్యంగా మొదటి వారాల్లో ఆలస్యం చేయరాదు. దానికీ చాలకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ వంటి ఇంజెక్షన్లున్నాయి. మొదటిదానికి 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఖరీదైనవే, కాని 2014లో మన దేశపు జైడస్ కంపెనీ అడలిముమాబ్‌కు సమానమైన మందును ప్రపంచంలో అందరికంటే ముందు తెచ్చాక ధర కొంత దిగింది. వీటికి ముందు క్షయ, కామెర్ల బి పరీక్షలు చేయించాలి.

ఏ మందుకూ లొంగనప్పుడు, పేగు చిల్లిపడినప్పుడు ఆపరేషను. అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు తీసేసి, చిన్నపేగుతోనే సంచి చేసి లోపల అతికే పద్ధతిని 1978లో లండన్ వైద్యులు పార్క్స్, నికోల్స్ ప్రకటించారు. కొందరికి పొట్టమీద సంచి పెడతారు. సంచి ఉన్న మనిషి ఉద్యోగం చేయవచ్చు, నమాజు చేయవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. అది బతుకు పోవడం కాదు, బతకడానికి చేసిన ఏర్పాటు.

నయమైందనుకున్న తప్పు

ఇప్పుడు ఈ ప్రసంగంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. మందు పడ్డాక రెండు నెలల్లో మేము మామూలు మనుషులమయ్యాము. రక్తం లేదు, నొప్పి లేదు, పోయిన తొమ్మిది కిలోలు తిరిగొచ్చాయి. రెండేళ్లు గడిచాయి. ఇంకెందుకీ బిళ్లలు అనిపించింది. రమజాను వచ్చింది. ఆ నెలలో మందు, మాకు మేమే, వైద్యుణ్ణి అడగకుండా మానేశాము.

పదో రోజాకు మళ్లీ జిగట కనబడింది. పదిహేనో రోజాకు రక్తం. ఎవరికీ చెప్పలేదు. తరావీహ్‌లో వెనుక వరుసలో, తలుపు దగ్గర నిలబడటం మొదలుపెట్టాము, చప్పుడు లేకుండా బయటికి పోవచ్చని. పంతొమ్మిదో రోజున తరగతిలో నల్లబల్ల మీద లెక్క వేస్తూ వేస్తూ పడిపోయాము. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాము. హిమోగ్లోబిన్ ఏడు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. అందులో ఒకటి మా పక్క బడిలోని తెలుగు పంతులుగారిది. ఆయన ఏకాదశి ఉపవాసం మానుకుని, అన్నం తిని వచ్చి రక్తమిచ్చారు.

ఆస్పత్రిలో అమ్మీజాన్ మంచం పక్కన కూర్చుని ఒకే మాట అడిగింది: "బేటా, అల్లా నీకు ఇచ్చిన సడలింపును నీవు వద్దన్నావా? ఆయనకంటే నీకెక్కువ తెలుసా?" మా దగ్గర జవాబు లేదు.

ఈ జబ్బు నయమయ్యేది కాదు, అణిగి ఉండేది. అణగడానికి వేసుకునే మందు వేరు, అణిగి ఉండటానికి వేసుకునే మందు వేరు. బాగున్న రోజున వేసుకునే బిళ్ల రేపటి కోసం. ఇది మా సొంత మాట కాదు. 2003లో అమెరికాలోని చికాగోలో డాక్టర్ సునందా కేన్, ఆమె సహచరులు జబ్బు అణిగి మెసలమిన్ వాడుతున్న 99 మందిని రెండేళ్లపాటు గమనించారు. మందు సక్రమంగా వేసుకున్నవారిలో నూటికి 89 మంది బాగుండే అవకాశం కనబడింది. సక్రమంగా వేసుకోనివారిలో 39 మందికే. 89కీ 39కీ మధ్యనున్న యాభై మందిలో మేమూ ఒకరమని లెక్కల మాస్టరు పని చేసేవాళ్లం కనుక మాకు వెంటనే అర్థమయింది.

రోజా, వుజూ సంగతి

దీని గురించి బస్తీలో చాలామంది మమ్మల్ని రహస్యంగా అడుగుతుంటారు గనుక బహిరంగంగానే చెబుతాము. రోగికి రోజా నుంచి సడలింపు ఉన్నది. తరువాత బాగైనప్పుడు ఆ రోజులు పూర్తిచేసుకోవచ్చు. ఎన్నటికీ పెట్టలేనివారికి ఫిద్యా ఉన్నది. జబ్బు విజృంభించినప్పుడు, స్టిరాయిడ్ పెద్ద మోతాదులో ఉన్నప్పుడు, నీళ్లు ఎక్కువగా పోతున్నప్పుడు రోజా పెట్టి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. జబ్బు పూర్తిగా అణిగి ఉన్నవారు రమజానుకు నెలా రెండు నెలల ముందే వైద్యుణ్ణి కలవాలి. మెసలమిన్ రోజుకు ఒకేసారి వేసుకునే వీలు చాలామందికి ఉంటుంది, ఇఫ్తార్ తరువాతో సహరీలోనో సర్దుకోవచ్చు. సపోజిటరీ రాత్రి పడుకునేముందు పెట్టుకునేదే. మేమిప్పుడు వైద్యుల అనుమతితో రోజాలు పెడుతున్నాము. పోయినేడు నాలుగు వదిలేశాము, చలికాలంలో తీర్చుకున్నాము.

వుజూ నిలవదని నమాజు మానేసినవారు కూడా ఉన్నారు. ఆపుకోలేని జబ్బున్నవారిని మన ఫిఖ్‌లో మాజూర్ అంటారు, వారికి ప్రత్యేకమైన సౌకర్యం ఉన్నది. మీ మసీదు ఇమాంసాహెబును నిస్సంకోచంగా అడగండి. దీన్‌లో సులువు ఉన్నచోట మనం కష్టాన్ని వెదుక్కోవద్దు.

తిండి, తిప్పలు

ఏం తినాలి అని అందరూ అడుగుతారు. అందరికీ సరిపడే ఒకే పత్యం లేదు. జబ్బు లేచినప్పుడు పీచు ఎక్కువున్న ఆకుకూరలు, గింజలు, పచ్చి కూరగాయలు, కారం, వేపుళ్లు తగ్గించి మెత్తటి ఖిచిడీ, ఇడ్లీ, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు తింటే పేగుకు విశ్రాంతి. పాలు కొందరికి పడతాయి, కొందరికి పడవు. మాకు ఇరానీ చాయ్ పడదు, ఇంట్లో పల్చని చాయ్ పడుతుంది. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఏది తింటే ఏమయిందో రాసుకోండి. జబ్బు అణిగాక అన్నీ కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. భయంతో సంవత్సరాల తరబడి ఉత్త గంజి తాగి ఎండిపోయినవారు ఉన్నారు. అది వైద్యం కాదు. దావత్‌లో రెండు ముద్దల బిర్యానీ తింటే జబ్బు తిరగబెట్టదు, మందు మానితే తిరగబెడుతుంది.

మోకాలి నొప్పికీ నడుము నొప్పికీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలు షాపులో అడిగి వేసుకోవద్దు. అవి పేగును రేపవచ్చు. క్రోన్స్ ఉన్నవారు బీడీ, సిగరెట్టు వెంటనే మానాలి. రక్తం పోతుంది గనుక ఇనుము, క్రోన్స్‌లో బి12, స్టిరాయిడ్ వాడేవారికి కాల్షియం, విటమిన్ డి సంగతి వైద్యుణ్ణి అడగాలి. గర్భవతులు భయపడి మందు మానుకోవద్దు. చాలా మందులు గర్భంలో కూడా కొనసాగిస్తారు, మెథోట్రెక్సేట్ వంటివి మాత్రం పనికిరావు. కాబట్టి ముందుగానే చెప్పుకోవాలి. జబ్బు వచ్చి ఎనిమిదేళ్లు దాటినవారు, పెద్దపేగులో ఎక్కువ భాగానికి పూత ఉన్నవారు క్యాన్సరు కోసం కొలనోస్కోపీ చేయించుకుంటూ ఉండాలి.

ఇంకొక లెక్క గోడమీద రాసిపెట్టుకోండి. రోజుకు ఆరుసార్లు లేక అంతకు మించి రక్తంతో విరేచనాలు, దానితోపాటు నూరు డిగ్రీల జ్వరం గాని, నాడి నిమిషానికి 90 దాటడం గాని, హిమోగ్లోబిన్ పదిన్నరకు తగ్గడం గాని ఉంటే అది ఇంట్లో చూసుకునే జబ్బు కాదు. ఆ రాత్రే ఆస్పత్రిలో చేరాలి. అప్పుడు విరేచనాలు కట్టే బిళ్లలు వేసుకోకూడదు.

ఎక్కడికి పోవాలి?

మన ప్రాంతంవారికి దారి కష్టం కాదు. మొదటి రక్తపరీక్షలకు బస్తీ దవాఖానాలున్నాయి, 2018 నుంచి నగరంలో నడుస్తున్నాయి. వనస్థలిపురంలో ప్రభుత్వ ఏరియా ఆస్పత్రి ఉంది. పేగుల నిపుణుల విభాగాలు ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆస్పత్రుల్లో ఉన్నాయి. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేట వరకు మెట్రో వచ్చాక మాలాంటివారికి పెద్ద ఊరట. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగితే అఫ్జల్‌గంజ్ ఉస్మానియాకు దగ్గర. అక్కడే రైలు మారితే గాంధీ ఆస్పత్రి పేరుతోనే స్టేషనుంది. అదే రైల్లో కూర్చుంటే పంజగుట్టలో నిమ్స్. సిటీ బస్సులో మలక్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కుని కడుపు పట్టుకుని కూర్చున్న రోజులు మేము మరచిపోలేము. స్టేషనులో మరుగుదొడ్డి ఉన్నదన్న ధైర్యమే మాకు సగం మందు.

స్తోమత ఉన్నవారికి ఎల్.బి.నగర్‌లో కామినేని, సోమాజిగూడ, గచ్చిబౌలిలలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. మీ చికిత్స అందులోకి వస్తుందో రాదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. మందు కొనేటప్పుడు జనరిక్ పేరు చెప్పి ధర విచారించండి. ఎక్కడికి పోయినా పాత కాగితాలన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకుని పోవాలి. యూనానీ మీద మాకెంతో గౌరవం, మమ్మల్ని కాపాడింది హకీంగారే గదా. కాని ఏ వైద్యం తీసుకున్నా ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గర మందు వాడకండి.

మా తరగతిలోని పిల్లవాడు

ఇది చెప్పడానికి మాకు నోరు రావడంలేదు, అయినా చెప్పాలి. మూడేళ్ల కిందట మా ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి. వయసుకు తగ్గ ఎత్తు లేడు. వారానికి రెండు రోజులు రాడు. వచ్చిన రోజున గంటకొకసారి వేలు చూపిస్తాడు. పిల్లలు నవ్వుతారు. మేము కూడా, "ఏంరా, పాఠం వినడానికొచ్చావా, షికారుకొచ్చావా?" అన్నాము. అందరి ముందు నిలబెట్టాము. తరువాత వాడు అడగడం మానేశాడు. బాగుపడ్డాడనుకున్నాము. బాగుపడలేదు. బడికొచ్చే రోజున పొద్దున నుంచి నీళ్లు తాగడం, తినడం మానేశాడు, బయటికి పోనక్కరలేకుండా. పిల్లల మరుగుదొడ్డికి నీళ్లు రావు, ఉపాధ్యాయుల మరుగుదొడ్డికి తాళం. ఆ తాళంచెవి మా జేబులోనే ఉండేది, ఎందుకంటే అది ఎక్కువ అవసరమైంది మాకే.

వాడి తల్లి ఒకరోజు ఏడుస్తూ వచ్చి టీసీ అడిగింది. అప్పుడు మేము వివరాలడిగాము. అదే రక్తం, అదే నొప్పి, అదే మొలల వైద్యం. మాకే ఆ జబ్బు ఉండి, మా కళ్ల ముందు ఏడాదిపాటు కూర్చున్న పిల్లవాణ్ణి మేము గుర్తుపట్టలేదు. వాడికి క్రోన్స్ అని తేలింది. ఈ జబ్బు పిల్లల ఎదుగుదలను ఆపుతుందని వైద్యులు చెప్పారు. ఇప్పుడు మందు పడింది, ఎత్తు కూడా పెరుగుతున్నాడు. పదో తరగతికొచ్చాడు, ఒక ఏడాది మాత్రం పోయింది. వాడి తల్లి మమ్మల్ని క్షమించానన్నది. వాడు ఏమీ అనలేదు. ఇప్పుడా తాళంచెవి గోడమీద మేకుకు వేలాడుతుంది, ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు.

మన సంఘం చేయదగిన పనులు

పెద్దలారా, మూడు కోరికలు కోరుకుంటాము.

ఒకటి, మన బస్తీలోని బడులకూ మసీదులకూ సంఘం తరఫున పోయి మరుగుదొడ్లలో నీళ్లు, గడియ, వెలుతురు ఉన్నవో లేవో చూడాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో బాలురకూ బాలికలకూ వేరువేరు మరుగుదొడ్లు ఉండాలి. జబ్బున్న పిల్లవాడు అడగకుండానే బయటికి పోవచ్చని ఒక చీటీ ఇస్తే ఏ మాస్టరుకూ నష్టం లేదు.

రెండు, మన వైద్య సహాయ నిధిలో ఇప్పటివరకు ఆపరేషన్లకే ఇస్తున్నాము. నెలనెలా మందు కొనుక్కోలేక మానేసేవారికి కూడా ఇవ్వాలి. మంచాన పడ్డాక పది రోజుల ఆస్పత్రి ఖర్చుకు ఇచ్చేకంటే నిలబడి ఉన్నప్పుడు బిళ్లలకు ఇవ్వడం చవక. పేరు నోటీసు బోర్డుమీద రాయకుండా, సహాయం చేతికి గుట్టుగా అందాలి.

మూడు, పెళ్లి సంబంధాల్లో ఈ జబ్బును దాచవద్దు, జబ్బు ఉన్నదన్న ఒక్క కారణంతో సంబంధం తిప్పికొట్టవద్దు. దాచి పెళ్లిచేస్తే అత్తింట్లో ఆ పిల్ల మొదట మానుకునేది మందే, ఎవరైనా చూస్తారేమోనని. అట్లా చెడిపోయిన కాపురం ఒకటి మాకు తెలుసు. ముందే చెప్పి, ఇద్దరూ కలిసి వైద్యుడి దగ్గరికి పోయి విషయం తెలుసుకుని చేసుకున్న పెళ్లి కూడా ఒకటి తెలుసు. వారికి ఇద్దరు పిల్లలు.

 సభ ముగిశాక మేము ఆ వేపచెట్టు కింద కూర్చుంటాము. ఎవరికైనా ఇంట్లో ఇట్లాంటి బాధ ఉంటే వచ్చి చెప్పుకోండి. అందరి ముందు చెప్పలేనివారు చీటీ రాసి ఇవ్వండి, ఆపాలు మా ఇంట్లోవారిని కలుసుకోవచ్చు. మాకు తెలిసింది చెబుతాము, తెలియనిదానికి ఆస్పత్రికి తోడుగా వస్తాము. అల్లా మనందరికీ ఆరోగ్యాన్నీ, ఒకరి బాధ ఒకరం గుర్తుపట్టే కళ్లనూ ప్రసాదించుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.